అడవిపంది శుభ్రమైనదేనా?

ఈవారం వచ్చిన ఉత్తరాల కట్టలో ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఉంది. నాలుగు పేజీలు. సగం ఆరోగ్యం గురించి, సగం ఇంటి గొడవ గురించి. ఊరూ పేరూ బయటపెట్టవద్దని కోరారు. పెట్టను. కాని ఆమె అడిగిన ప్రశ్న చాలా ఇళ్ళకి పనికొచ్చేది కనక ఈవారం శీర్షికంతా దానికే కేటాయిస్తున్నాను.

సంగతి ఇది. ఆమె ఉంటున్నది ఒక చిన్న టౌనులో. పుట్టిల్లు అడవి అంచున ఉన్న పల్లె. సంక్రాంతికి అన్నయ్య వస్తూ వస్తూ స్టీలు డబ్బాలో అడవిపంది మాంసం తెచ్చాడు. ఊరపంది మాంసం ఆ ఇంటి గడప తొక్కదు. కాని అడవిపంది సంగతి వేరట. "అది గడ్డలూ వేళ్ళూ తిని బతికే జంతువు, శుభ్రమైనది" అని అత్తగారే దగ్గరుండి వండించారు. కొంత కూర చేశారు, కొంత నిప్పులమీద కాల్చుకున్నారు. ఇంటిల్లిపాదీ తిన్నారు.

రెండు నెలలు గడిచాయి. ఎనిమిదేళ్ళ కొడుకు బడినుంచి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. ఉన్నట్టుండి కుడిచెయ్యి కొట్టుకోవడం మొదలుపెట్టింది, కళ్ళు తేలవేసి పడిపోయాడు. పెద్దాసుపత్రికి తీసుకువెళితే స్కాను తీసి, మెదడులో చిన్న తిత్తి కనబడుతోందనీ, అది పందుల్లో పెరిగే బద్దెపురుగు తాలూకుదనీ చెప్పారు.

అంతే, ఇల్లు రెండు ముక్కలైంది. "నీ అన్న తెచ్చిన మాంసమే నా మనవడి తలకెక్కింది" అంటున్నారు అత్తగారు. ఆ అన్నయ్య ఇప్పుడు చెల్లెలి ఇంటికి రావడం మానేశాడు. "డాక్టరుగారూ, నిజంగా ఆ మాంసం వల్లే నా బిడ్డకి ఇలా అయిందా?" అని ఆ తల్లి అడుగుతోంది.

కాదమ్మా. ముందుగా ఆ ఒక్కమాట చెప్పేస్తున్నాను, మీ మనసు కుదుటపడుతుందని. మీ అన్నయ్య తెచ్చిన మాంసం మీ అబ్బాయి మెదడులోకి వెళ్ళలేదు. అలాగని ఆ మాంసంలో ఏ భయమూ లేదని మీ అత్తగారు అనుకుంటే అదీ తప్పే. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి ఎలా పొసుగుతాయో చెబుతాను. కాస్త ఓపికగా చదవండి.

పంది ఏం తింటుంది?

"అడవిపంది శుభ్రం" అనే నమ్మకం మన పల్లెల్లో చాలా పాతది. ఊరపంది వీధుల్లో తిరిగి అశుద్ధం తింటుందని కళ్ళారా చూస్తాం కనక దాన్ని దూరం పెడతాం. అడవిపంది తినేది మనకి కనబడదు. కనబడనిదల్లా శుభ్రమని అనుకోవడం మనకి అలవాటు.

అడవిపంది గడ్డలూ వేళ్ళూ రాలిన పళ్ళూ తినేమాట నిజమే. వాటితోబాటు వానపాములు, పేడపురుగులు, ఎలుకలు, పాములు, పక్షిగుడ్లు, చచ్చిపడిన జంతువుల కళేబరాలు కూడా తింటుంది. రాత్రిపూట వేరుశనగ చేలల్లోకీ, మొక్కజొన్న తోటల్లోకీ దిగి నేలంతా దున్నినట్టు పెళ్ళగిస్తుంది. ఆ చేలగట్లమీద ఇంకా బయలుకి వెళ్ళేవాళ్ళుంటే ఆ మలం కూడా దాని మూతికి తగులుతుంది.

కాబట్టి దాని ఒంట్లో పురుగులుండడం వింత కాదు. ఏ దేశంలో అడవిపందుల పేగులు పరీక్షచేసినా రకరకాల పురుగులు కనబడుతూనే ఉంటాయి. వాటన్నిటినీ ఇక్కడ ఏకరువు పెట్టను. మనిషికి సంబంధించి ముఖ్యమైనవి మూడు: బద్దెపురుగు, త్రికినెల్లా, ఏలికపాము. ఈ మూడూ మన ఒంట్లోకి మూడు వేరువేరు దారుల్లో వస్తాయి. ఆ దారులు తెలియకపోవడం వల్లే భయపడవలసిన చోట ధైర్యంగా ఉంటాం, అనవసరమైన చోట నిందలు వేసుకుంటాం.

బద్దెపురుగు: ఒకే పురుగు, రెండు జబ్బులు

మీ అబ్బాయి కథ ఈ పురుగుదే. ఇది తెల్లటి రిబ్బనులా బల్లపరుపుగా, కణుపులు కణుపులుగా ఉంటుంది. రెండు నుంచి ఏడు మీటర్ల దాకా పెరుగుతుంది. ఇది పెరిగి పెద్దయ్యేది మనిషి పేగులోనే. పందిలో ఉండేది దీని పిల్లరూపం మాత్రమే.

వరస ఇది. బద్దెపురుగు ఉన్న మనిషి మలంలో దాని గుడ్లు పడతాయి. ఆ మలం పంది తింటుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు పంది పేగుని తొలుచుకుని రక్తంలో ప్రయాణంచేసి, కండల్లో చేరి, చిన్న నీటితిత్తులుగా కూర్చుంటాయి. అలాంటి మాంసం కోస్తే ముక్కలమధ్య ఉడికిన బియ్యపుగింజల్లా, సగ్గుబియ్యంలా తెల్లగా కనబడతాయి. ఆ మాంసం సరిగా ఉడికించకుండా మనం తింటే, తిత్తిలోని పురుగు మన పేగుకి కొక్కేలతో పట్టుకుని రెండు మూడు నెలల్లో పెద్ద బద్దెపురుగు అవుతుంది. 1855లో కూచెన్‌మైస్టర్ అనే జర్మన్ డాక్టరు, మరణశిక్ష పడిన ఒక ఖైదీకి ఇలాంటి తిత్తులు తినిపించి, తరవాత అతని పేగులో చిన్న బద్దెపురుగుల్ని చూపించి ఈ సంగతి రుజువుచేశాడు. ఇప్పుడైతే అలాంటి పరీక్షని ఎవరూ హర్షించరు.

ఇక్కడ గట్టిగా గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. మాంసంలోని తిత్తిని తింటే పేగులో పురుగు వస్తుంది. మెదడులో తిత్తి రాదు.

మరి మెదడులోకి ఎలా వస్తుంది? గుడ్డు మింగితే వస్తుంది. ఆ గుడ్డు మాంసంలో ఉండదు. బద్దెపురుగు ఉన్న మనిషి మలంలో ఉంటుంది. ఆ మనిషి దొడ్డికి వెళ్ళొచ్చి సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం కలిపినా, పచ్చడి వడ్డించినా, మంచినీళ్ళ బిందెలో చెయ్యి ముంచినా గుడ్లు తినేవాళ్ళ కడుపులోకి వెళతాయి. ఆ మలం కలిసిన నీళ్ళతో తడిసిన ఆకుకూరలు పచ్చిగా తిన్నా అంతే. అప్పుడు పందిలో జరిగే తంతే మన ఒంట్లోనూ జరుగుతుంది. పిల్లపురుగులు రక్తంలో కొట్టుకుపోయి కండల్లో, కంట్లో, మెదడులో తిత్తికడతాయి. మెదడులో కడితే మూర్ఛ వస్తుంది. ఈ పురుగు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మూర్ఛరోగుల్లో సుమారు నూటికి ముప్ఫైమందికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇప్పుడు మీ లెక్క చూడండి. సంక్రాంతికి మాంసం తిన్నారు. రెండు నెలలకి అబ్బాయికి మూర్ఛ వచ్చింది. ఆ మాంసంలో తిత్తులున్నాయనే అనుకుందాం. తిన్నవాళ్ళ పేగులో పురుగు పెరిగి గుడ్లు పెట్టడానికే ఆ రెండు నెలలూ సరిపోతాయి. ఆ తరవాత గుడ్డు నోట్లోకి వెళ్ళాలి, తిత్తి కట్టాలి, అది వాచాలి. దీనికి మామూలుగా ఏళ్ళు పడుతుంది. ఒకప్పుడు మన దేశంలో పనిచేసి తిరిగివెళ్ళిన బ్రిటిష్ సైనికులకి ఏళ్ళ తరబడి ఏమీ లేకుండా ఉండి తరవాత మూర్ఛలు మొదలయ్యాయి. అలాంటి 450 మంది వివరాలు 1961లో ప్రచురించారు. మీ అబ్బాయి గుడ్డు మింగింది బహుశా ఎప్పుడో, మీ అన్నయ్య డబ్బా ఇంటికి రావడానికి చాలా ముందే. ఈ మాట అత్తగారికి చదివి వినిపించండి.

మరి ఇప్పుడేం చెయ్యాలి?

ఒకటి. ఇంట్లో అందరూ మలపరీక్ష చేయించుకోండి. అత్తగారు, మామగారు, మీరు, మీవారు, పిల్లలు, వంటలో సాయంచేసేవాళ్ళు, అందరూ. ఒక్కరోజు పరీక్షలో గుడ్లు కనబడకపోవచ్చు కనక వేరువేరు రోజుల్లో మూడుసార్లు ఇవ్వండి. బద్దెపురుగు ఉన్న మనిషికి చాలాసార్లు ఏ బాధా ఉండదు. మలంలో తెల్లటి రిబ్బను ముక్కలు కనబడితే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పాలి. అన్నయ్య మీద నింద తీసేశాక అది పనిమనిషి మీదకి మళ్ళుతుందేమోనని నా భయం. దయచేసి అలా చెయ్యకండి. ఆ గుడ్డు ఇంట్లోదే కావచ్చు, బడిముందు అమ్మే చిరుతిండిలోది కావచ్చు. పరీక్ష చేయించడం వైద్యంకోసం, దోషిని పట్టుకోవడంకోసం కాదు.

రెండు. అబ్బాయికి డాక్టరు రాసిన మూర్ఛ మందు ఒక్కపూట కూడా మానకండి. ఫిట్సు రావడం లేదని మీ అంతట మీరు ఆపెయ్యకండి. పిల్లల్లో ఇలా ఒక్క తిత్తి ఉన్నప్పుడు చాలామందిలో కొన్ని నెలల్లో అది కరిగిపోవడమో, గట్టిపడి సున్నపు చుక్కలా మిగలడమో జరుగుతుంది. ఒకప్పుడు స్కానులో ఇలాంటి చుక్క కనబడితే క్షయగడ్డ అనుకుని నెలల తరబడి టి.బి. మందులు వాడించేవారు. వాటిలో చాలావరకు ఈ పురుగు తిత్తులేనని వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు 1989లో చూపించాక ఆ పద్ధతి మారింది.

మూడు. "పురుగే కదా, పురుగుల మాత్ర వేసేద్దాం" అని మందులషాపులో కొని వెయ్యకండి. మెదడులో తిత్తి ఉన్నవాళ్ళకి పురుగుమందు వేస్తే, చచ్చే పురుగు చుట్టూ వాపు వచ్చి ఫిట్సు ఎక్కువ కావచ్చు. అందుకే నరాల డాక్టర్లు ఆ మందు ఇచ్చేటప్పుడు వాపు తగ్గించే మందు కూడా కలిపి ఇస్తారు. కంట్లో తిత్తి లేదని ముందు చూసుకుంటారు. బళ్ళలో ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ ఇచ్చే నులిపురుగుల మాత్ర మామూలు పిల్లలకి మంచిదే, తప్పకుండా వేయించండి. మూర్ఛలు వస్తున్న పిల్లవాడికి మాత్రం మీ డాక్టరుని అడిగాకే వెయ్యాలి.

నాలుగు. మళ్ళీ ఫిట్సు వస్తే పిల్లవాణ్ణి ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. చుట్టూ గట్టి వస్తువులు తీసెయ్యండి. చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్ళు పొయ్యడం వద్దు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇక ఆ మాంసం సంగతి

మీ అన్నయ్యని నిర్దోషి అన్నాను. ఆ కాల్చిన ముక్కల్ని అనలేదు. సరిగా ఉడకకపోతే పేగులో బద్దెపురుగు వస్తుందని ముందే చూశాం. దానికి తోడు త్రికినెల్లా అనే ఇంకొక పురుగుంది. అడవిపందికి, ఎలుగుబంటికి, ఎలుకకి వస్తుంది. కళేబరాలూ ఎలుకలూ తినే జంతువులన్నిటికీ రావచ్చు.

ఇది కంటికి కనబడదు. ఒక మిల్లీమీటరు పొడవుండే పిల్లపురుగు జంతువు కండలో చుట్టచుట్టుకుని పడుకుని ఉంటుంది. పంది చూడ్డానికి దుక్కలా, ఆరోగ్యంగానే ఉంటుంది. 1835లో లండనులో జేమ్స్ పేజెట్ అనే వైద్యవిద్యార్థి శవాన్ని కోస్తుంటే కండలో ఇసుకరేణువుల్లాంటివి తగిలాయి. భూతద్దంలో చూస్తే ఒక్కొక్క రేణువులోనూ ఒక్కొక్క పురుగు. అప్పుడు అది జబ్బని ఎవరికీ తెలియలేదు. పాతికేళ్ళ తరవాత, 1860లో, జర్మనీలో డ్రెస్డెన్ నగరంలో ఒక పనిపిల్ల టైఫాయిడు అనుకున్న జ్వరంతో చనిపోయింది. జెంకర్ అనే డాక్టరు ఆమె కండలు చూస్తే నిండా పురుగులే. ఆరాతీస్తే, ఆమె పనిచేసిన ఇంట్లో పండగకి పందిని కోశారనీ, ఆ మాంసం తిన్నవాళ్ళు మరికొందరు కూడా జబ్బుపడ్డారనీ తేలింది. ఆ పందితో చేసి నిలవపెట్టిన మాంసంలో కూడా అవే పురుగులున్నాయి.

ఇది కడుపులో పడితే ఏమవుతుంది? మన జీర్ణరసాలకి ఆ చుట్ట విడిపోతుంది. పిల్లపురుగులు పేగులో కొద్దిరోజుల్లోనే పెద్దవై వేలకొద్దీ పిల్లల్ని కంటాయి. మొదటి రోజుల్లో డోకు, కడుపునొప్పి, విరేచనాలు. విందు తిన్నాం, అరగలేదు అనుకుంటాం. వారం పదిరోజులకి జ్వరం వస్తుంది, కళ్ళచుట్టూ మొహం వాస్తుంది, పిక్కలూ భుజాలూ ముట్టుకుంటే నొప్పి, నమలడానికి కూడా కష్టం. ఎక్కువ పురుగులు పడితే గుండెకీ మెదడుకీ కూడా ముప్పు. ఈ జ్వరాన్ని టైఫాయిడనీ, కళ్ళవాపుని మూత్రపిండాల జబ్బనీ పొరపడే అవకాశం ఉంది. అంచేత అడవి మాంసం తిన్న నెల రెండు నెలల లోపల ఇలాంటి జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుకి దాచకుండా చెప్పండి. మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత బాగా పనిచేస్తుంది. కండల్లో స్థిరపడిన పురుగుని తరవాత కదిలించడం కష్టం.

"ఇది ఎక్కడో చలిదేశాల జబ్బు కదా" అనకండి. మన దేశంలోనే ఉత్తరాఖండ్ కొండల్లో, ఊరి విందులో సరిగా ఉడకని పందిమాంసం తిన్నవాళ్ళు ఒక్కసారిగా ఈ జబ్బున పడిన సంగతి 2010 తరవాత వైద్య పత్రికల్లో వచ్చింది. యూరపు దేశాల్లో అడవిపంది మాంసం అమ్మకానికి పెట్టేముందు ప్రతి జంతువు కండలోంచీ చిన్న ముక్క తీసి, జీర్ణరసంలాంటి ద్రవంలో కరిగించి, సూక్ష్మదర్శినిలో చూడాలని నియమం ఉంది. మన దగ్గర రాత్రికి రాత్రి సంచిలో వచ్చిన మాంసాన్ని ఏ పశువైద్యుడు చూస్తాడు? వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా అడవిపందిని వేటాడడం నేరం. చాటుగా వచ్చే మాంసానికి పరీక్ష ఉండదు. అందుచేత అసలు ఇంటికి రానివ్వకపోవడమే మంచిదని నా సలహా.

నేలలో మిగిలే గుడ్లు

మూడవది ఏలికపాము. పందుల్లో ఉండే ఏలికపాము మన పిల్లల్లో ఉండేదానికి దాదాపు కవలపిల్ల. మనుషులకీ రాగలదు. ఇది మాంసంలోంచి రాదు, మట్టిలోంచి వస్తుంది. ఒక్క ఆడపురుగు రోజుకి రెండు లక్షలదాకా గుడ్లు పెడుతుంది. అవి మట్టిలో కొన్ని వారాలు మాగి, తరవాత ఏళ్ళతరబడి బతికే ఉంటాయి. పంది పెళ్ళగించిన చేలో పీకిన పచ్చి వేరుశనగకాయని పిల్లవాడు మట్టితో సహా నోట్లో పెట్టుకుంటే చాలు.

పురుగు పేగులో చేరేముందు దాని పిల్లలు ఊపిరితిత్తుల్లోంచి ప్రయాణం చేస్తాయి. జపానులో కోయినో అనే పిల్లల డాక్టరు 1922లో ఈ సంగతి తేల్చడానికి మనుషుల ఏలికపాము గుడ్లు రెండువేలు తానే మింగాడు. కొద్దిరోజులకి నిమోనియాలాంటి జ్వరం వచ్చి, కఫంలో పిల్లపురుగులు కనబడ్డాయి. పంది ఏలికపామూ ఇలాగే ప్రయాణిస్తుంది. కనక మట్టిలో ఆడే పిల్లలకి కారణం తెలియని పొడిదగ్గూ పిల్లికూతలూ వస్తే ఈ పురుగుని కూడా అనుమానించాలి.

ఈ గుడ్డు పెంకు చాలా గట్టిది. పర్మాంగనేటు నీళ్ళలో ఆకుకూర ముంచితే చస్తుందనుకోకండి. ధారగా పోసే నీళ్ళలో ఆకు ఆకు రుద్ది కడగడం, పచ్చివి తినే వాటికి తొక్కతియ్యడం, మిగతావి ఉడికించడం, ఇవే మార్గాలు.

వంటింటి కట్టుబాట్లు

పందిమాంసం తినే ఇళ్ళు చాలా ఉన్నాయి. తినడం తప్పు కాదు. ఏ పందిదైనా ఈ కొద్ది జాగ్రత్తలు పాటించండి.

ముక్కలు చిన్నవిగా కొయ్యండి. ముక్క మధ్యలో కూడా వేడి 71 డిగ్రీల సెంటీగ్రేడు దాటాలి. మన ఇళ్ళలో కొలిచే సాధనం ఉండదు కనక గుర్తు ఇది: లోపల ఎక్కడా ఎరుపుగాని గులాబిరంగుగాని ఉండకూడదు, మాంసం ఎముకని వదిలెయ్యాలి. కుక్కరులో పెట్టి మెత్తగా ఉడికించడం అన్నిటికన్నా క్షేమం.

నిప్పులమీద కాల్చిన ముక్కని నమ్మకండి. పైన మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. కాల్చుకోవాలనే ఉంటే ముందు ఉడికించి తరవాత కాల్చండి.

ఎండబెట్టిన వరుగులు, ఉప్పులో ఊరేసినవి, పొగబెట్టినవి పచ్చి మాంసం కిందే లెక్క. పచ్చడికైతే ముక్కని ముందు పూర్తిగా ఉడికించి, తరవాత నూనెలో వేయించండి. కారం, పులుపు, మసాలా పురుగుని చంపలేవు.

ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి సగం ఉడికిన ముక్కని నోట్లో వేసుకునే అలవాటు మానుకోండి. ఇంటిల్లిపాదికీ ఉడికిన కూర పెట్టి, వండిన ఇల్లాలు మాత్రం పచ్చిముక్క తిన్నట్టవుతుంది.

మాంసం కోసిన కత్తిపీట, పళ్ళెం సబ్బుతో వేడినీళ్ళతో కడిగాకే దానితో ఉల్లిపాయ తరగండి. పేగులూ వ్యర్థాలూ కుక్కలకి పచ్చిగా వెయ్యకండి, పెంట మీద పారెయ్యకండి. లోతుగా పాతిపెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం, దొడ్డికి వెళ్ళొచ్చాక, వంటకి ముందు, వడ్డనకి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం. మెదడులో పురుగుని ఆపేది ఇదే.

మీ ప్రశ్నలు

ప్రశ్న: మేం శాకాహారులం. కోడిగుడ్డు కూడా ముట్టం. మా అమ్మాయికి స్కానులో ఇదే తిత్తి అన్నారు. పెళ్ళి కావలసిన పిల్ల. ఎలా సాధ్యం?

జవాబు: సాధ్యమే. న్యూయార్కులో పందిమాంసం మతరీత్యా నిషిద్ధమైన యూదు కుటుంబాల్లో నలుగురికి ఇదే జబ్బు వచ్చిన సంగతి 1992లో ప్రచురించారు. పరిశీలిస్తే, ఈ పురుగు ఎక్కువగా ఉన్న దేశాలనుంచి వచ్చి ఆ ఇళ్ళలో పనిచేసినవాళ్ళే మూలమని తేలింది. వాళ్ళలో ఒకరికి బద్దెపురుగు ఉండగా, ఆ సంగతి ఆ మనిషికే తెలియదు. ఏం తిన్నామన్నది ఒక్కటే కాదు, ఏ చేతులు వడ్డించాయన్నదీ చూడాలి. ఇక పెళ్ళి మాట. మందులు సరిగా వాడితే మీ అమ్మాయి అందరిలా కాపురం చెయ్యగలదు, పిల్లల్ని కనగలదు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛని అడ్డంకిగా చూపే మాటని 1999లోనే తీసేశారు. దాచి పెళ్ళి చెయ్యకండి, చెప్పి చెయ్యండి. గర్భం ధరించబోయే ముందు మందుల గురించి డాక్టరుతో మాట్లాడాలి.

ప్రశ్న: క్యాబేజీలో ఉండే పురుగు మెదడులోకి ఎక్కుతుందంటారు. నిజమేనా?

జవాబు: క్యాబేజీని తొలిచే పచ్చపురుగుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అది పొరపాటున ఉడికిపోయి మీ పళ్ళెంలోకి వచ్చినా అసహ్యమే తప్ప జబ్బు రాదు. మురుగునీళ్ళతో పెంచిన ఏ కూరగాయమీదైనా బద్దెపురుగు గుడ్లు అంటుకుని ఉండొచ్చు. పైరేకులు తీసి, విడదీసి కడిగి, ఉడికించి తినండి.

ప్రశ్న: అడవిపంది మాంసం ఫ్రిజ్‌లో నెలరోజులు గడ్డకట్టించాం. ఇక భయం లేదు కదా?

జవాబు: అలా అనుకోవద్దు. పెంపుడుపంది మాంసంలోని పురుగులు అంత చలికి చస్తాయి. కాని అడవి జంతువుల్లో ఉండే త్రికినెల్లా రకాలు కొన్ని చలిని తట్టుకుంటాయి. ఫ్రిజ్ పొయ్యికి బదులు కాదు.

ప్రశ్న: మాంసంతోబాటు రెండు పెగ్గులు పుచ్చుకుంటే పురుగులు చస్తాయని మా మిత్రుడంటాడు.

జవాబు: చావవు. మీ మిత్రుడికి తాగడానికి ఒక కారణం కావాలి, అంతే.

చివరగా, ఉత్తరం రాసిన చెల్లెలికి. ఈ పేజీని మీ అత్తగారి చేతికివ్వండి. ఆమె తప్పుకూడా ఏమీ లేదు. అడవిపంది శుభ్రమని ఆమెకి పెద్దలు చెప్పారు, ఆమె నమ్మారు. పంది అడవిదా ఊరిదా అన్నది పురుగుకి పట్టదు. దానికి లొంగేవి పొయ్యిమీది మంట, చేతులకి రాసిన సబ్బు. అబ్బాయి మందులు తప్పకుండా వేసుకుంటూ బడికి వెళ్ళనివ్వండి. మీ అన్నయ్యకి ఫోను చేసి రమ్మనండి. ఈసారి డబ్బా తేవద్దని మాత్రం చెప్పండి.